టేప్ డ్రైవ్‌పై కమాండ్ లైన్ బ్యాకప్: పరిశోధన సామగ్రి పరిరక్షణకు విధానం, మెలకువలు

వ్యాససంగ్రహం: విశ్వవిద్యాలయ శాఖలలో, పరిశోధకుల వద్ద పోగుపడుతున్న డిజిటల్ సామగ్రి అధికభాగం మరోచోట దొరకనిది. దాన్ని అయస్కాంత టేపుపై భద్రపరచడానికి లినక్స్ వ్యవస్థలోని కమాండ్ లైన్ ఉపకరణాలను ఎలా అమర్చుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. డ్రైవ్‌కు ఉండే రెండు పేర్ల మధ్య భేదం, బ్లాక్ పరిమాణం, తెలుగు ఫైలు పేర్ల వల్ల తలెత్తే చిక్కులు, ప్రతిని సరిచూసే పద్ధతి ఇందులో ప్రధానాంశాలు.

కీలకపదాలు: టేప్ డ్రైవ్, బ్యాకప్, టార్, లినక్స్, యూనికోడ్, డిజిటల్ పరిరక్షణ, మాసబ్ ట్యాంక్.

1. ప్రవేశిక

హైదరాబాదులోని మాసబ్ ట్యాంక్ పేరులోనే ఒక చెరువు ఉంది. గోల్కొండ రాజవంశానికి చెందిన హయాత్ బక్షీ బేగంను ప్రజలు 'మా సాహెబా' అని పిలిచేవారనీ, ఆమె పేరిట వెలసిన తటాకమే కాలక్రమంలో మాసబ్ ట్యాంక్ అయిందనీ ప్రతీతి. నీరు నిలిచిన చోట ఇప్పుడు ఉద్యానవనం, మేడలు, పైవంతెన ఉన్నాయి. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఇక్కడే ఉంది. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయమూ ఇక్కడే ఉంది. కొద్ది దూరంలోని అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థలలో ఏటా ఎందరో యువకులు యూనిక్స్, లినక్స్ ఆజ్ఞలు నేర్చుకుంటారు. అక్కడ నేర్పే టార్ అనే ఆజ్ఞ పేరు 'టేప్ ఆర్కైవ్' అన్న మాటల సంక్షిప్తరూపం. ఆ ఆజ్ఞను రోజూ వాడేవారిలో టేపును చేత్తో తాకినవారు మాత్రం అరుదు.

వాస్తు, చిత్ర, శిల్ప శాఖలు ఉన్నచోట తయారయ్యే సామగ్రిని ఒక్కసారి ఊహించుకుంటే సమస్య బోధపడుతుంది. పాత దేవిడీ కొలతచిత్రాలు గీసిన తరువాత ఆ దేవిడీని కూల్చివేస్తే, ఆ చిత్రాలే దానికి మిగిలిన ఆధారం. తెలుగుశాఖల విషయమూ ఇంతే. క్షేత్రపర్యటనలో రికార్డు చేసిన వృద్ధకళాకారుని గొంతు, ఒక కుటుంబం ఒక్కరోజుకు మాత్రమే చూడనిచ్చిన తాళపత్రాల ఛాయాచిత్రాలు రెండోసారి లభించేవి కావు. ఇటువంటి సామగ్రి సాధారణంగా ఒకే బాహ్య హార్డ్ డిస్కులో, అది కూడా పరిశోధకుని బల్ల సొరుగులో ఉంటుంది. సిద్ధాంతగ్రంథం సమర్పించేదాకా దాన్ని గురించి ఎవరూ అడగరు. సమర్పించాక అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

2. మరొక ప్రతి ఉంటే చాలునా?

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న పది లక్షల పుస్తకాల పథకం భారతదేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా సాగింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దాని ప్రధాన స్కానింగ్ కేంద్రాలలో ఒకటి. తెలుగు పరిశోధకులు దశాబ్దానికి పైగా ఆధారపడిన ఆ జాలస్థలి తరువాతి కాలంలో అందుబాటులో లేకుండా పోయింది. అయినా అందులోని పుస్తకాలలో పెద్దభాగం నేడు చదవగలుగుతున్నామంటే, వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండటమే కారణం. వేరే సంస్థ వద్ద, వేరే చోట ఉన్న ప్రతి విలువ ఇక్కడ స్పష్టమవుతుంది.

అయితే ప్రతులు ఎన్ని ఉన్నా అవన్నీ ఒకే ఆజ్ఞకు లోబడి ఉంటే ప్రయోజనం తక్కువ. 2011 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థ నిల్వ సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పులోని దోషం వల్ల జీమెయిల్ వినియోగదారులలో దాదాపు 0.02 శాతం మంది ఉత్తరాలు మాయమయ్యాయి. వేర్వేరు కేంద్రాలలోని ప్రతులు కూడా ఆ దోషానికి గురయ్యాయి. చివరకు వాటిని పునరుద్ధరించింది టేపుల నుండే. యంత్రంలో లేని టేపును ఏ ప్రోగ్రామూ చెరపలేదు. డిస్కులను తాళం వేసి డబ్బు అడిగే దుష్ట సాఫ్ట్‌వేర్‌కు కూడా అరలోని టేపు అందదు.

పరిశోధకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ జపానులోని క్యోటో విశ్వవిద్యాలయానిది. 2021 డిసెంబరులో అక్కడి సూపర్ కంప్యూటర్ నిల్వ నుండి సుమారు 77 టెరాబైట్లు, 3.4 కోట్ల ఫైళ్లు చెరిగిపోయాయి. 14 పరిశోధక బృందాలు నష్టపోగా, వాటిలో 4 బృందాల సామగ్రిని తిరిగి పొందే మార్గం లేకపోయింది. దీనికి కారణం బ్యాకప్ కోసమే రాసిన ఒక షెల్ స్క్రిప్టు. అది నడుస్తుండగానే దాని స్థానంలో కొత్త స్క్రిప్టును ఉంచారు. నిర్వచింపబడని చలరాశితో చెరిపివేత ఆజ్ఞ నడిచి, పాత లాగ్ ఫైళ్లకు బదులు పరిశోధన ఫైళ్లు పోయాయి. రక్షించవలసిన ఆజ్ఞే భక్షించింది. కమాండ్ లైన్‌తో పని చేసేవారు ఈ ఉదంతాన్ని మరువరాదు.

ఇక నీటి సంగతి. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదను నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీరు చేరి, అక్కడి ఉర్దూ పరిశోధన గ్రంథాలయంలోని అమూల్యమైన పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి. 2020 అక్టోబరు వర్షాలు అందరికీ గుర్తే. చెరువు పేరు మోస్తున్న ప్రాంతంలో సర్వర్లను, వాటి బ్యాకప్ టేపులను ఒకే భవనపు నేలమాళిగలో ఉంచడం వివేకం అనిపించుకోదు.

3. టేపు స్వభావం

అయస్కాంత టేపు 1951లో యూనివాక్ యంత్రంతో గణనరంగంలోకి వచ్చింది. తెలుగునేలపై దాని పెద్ద చరిత్ర షాద్‌నగర్‌లో కనిపిస్తుంది. నాటి జాతీయ దూరసంవేదన సంస్థ అక్కడి భూకేంద్రంలో 1979 నుండి లాండ్‌శాట్ ఉపగ్రహ సమాచారాన్ని అందుకొని అధికసాంద్రత టేపులపై నమోదు చేసేది. పరిశోధకులకు అరంగుళం వెడల్పు టేపుచుట్టలపై ప్రతులు అందేవి. అంగుళానికి 1600 బిట్ల సాంద్రతతో 2400 అడుగుల చుట్టలో పట్టేది దాదాపు 40 మెగాబైట్లే. నేటి చరవాణితో తీసే పది ఛాయాచిత్రాలకే అది సరిపోతుంది.

ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉన్నది 2000లో వచ్చిన ఎల్‌టీవో ప్రమాణం. తొలితరం కార్ట్రిడ్జ్‌లో 100 గిగాబైట్లు పట్టేవి. 8వ తరంలో 12 టెరాబైట్లు, 2021లో వచ్చిన 9వ తరంలో 18 టెరాబైట్లు పడతాయి. పెట్టెపై ముద్రించే రెండున్నర రెట్ల సంఖ్య సంపీడనం జరిగితే లభించేది. స్కాన్ చేసిన జేపెగ్ చిత్రాలు, ఎంపీ3 ధ్వనులు ముందే సంపీడనమైనవి కనుక ఆ పెద్ద సంఖ్యను లెక్కలోకి తీసుకోకూడదు.

టేపులో పుటలు తిప్పే వీలు లేదు. అది తాళపత్రగ్రంథం కన్నా కథకుని పటం చుట్టకు దగ్గర. చేర్యాల నకాషీ పటంలో చివరి ఘట్టం చూడాలంటే మొదటినుండి విప్పుకుంటూ పోవలసిందే. టేపులో ఒక్కొక్క ఘట్టం ముగిసినచోట డ్రైవ్ 'ఫైల్ మార్క్' అనే గుర్తును రాస్తుంది. మొత్తం రాత ముగిసినచోట 'సమాచారాంతం' గుర్తు ఉంటుంది. తరువాత చెప్పబోయే ఆజ్ఞలన్నీ ఈ రెండు గుర్తుల చుట్టూ తిరిగేవే.

4. డ్రైవ్‌ను అమర్చడం

ఇక్కడ ఆజ్ఞల పేర్లను తెలుగు ఉచ్చారణలో ఇచ్చినప్పటికీ యంత్రంలో వాటిని చిన్న ఆంగ్లాక్షరాలతో టైపు చేయాలి. ఎల్‌టీవో డ్రైవ్‌లు సాధారణంగా సాస్ అనుసంధానంతో వస్తాయి. డిస్కుల సముదాయాన్ని నడిపే రెయిడ్ కార్డుకు వాటిని తగిలిస్తే తరచు పని చేయవు, విడిగా ఒక సాస్ కార్డు కావాలి. తగిలించాక ఎల్‌ఎస్‌స్కజీ ఆజ్ఞకు 'జి' ఐచ్ఛికం జోడిస్తే వ్యవస్థ గుర్తించిన పరికరాల పట్టిక వస్తుంది. అందులో 'టేప్' అన్న వర్గంలో డ్రైవ్ కనిపించాలి. టేపులు మార్చే యాంత్రిక హస్తం ఉన్న పేటిక అయితే అది వేరే పరికరంగా కనిపిస్తుంది, దానికి ఎంటీఎక్స్ అనే ఆజ్ఞ వాడాలి. ఒక్క డ్రైవ్ మాత్రమే ఉన్న శాఖకు ఆ అవసరం లేదు, మనిషి చేయి చాలు.

యంత్రాన్ని పునఃప్రారంభించినప్పుడు పరికరాల సంఖ్యలు మారవచ్చు. అందుచేత రెండు డ్రైవ్‌లు ఉన్నచోట డెవ్ సంచయంలోని 'టేప్', దానిలోని 'బై-ఐడీ' అనే ఉపసంచయంలో క్రమసంఖ్యతో ఉండే స్థిరమైన పేరును స్క్రిప్టులో వాడాలి. బ్యాకప్ తీసే వినియోగదారుని 'టేప్' అనే సమూహంలో చేర్చితే చాలు, సర్వాధికారి ఖాతాతో టేపుపై రాయనవసరం లేదు. ఎంటీ ఆజ్ఞ రెండు రూపాలలో లభిస్తుంది. బ్లాక్ పరిమాణాన్ని మార్చే సౌకర్యం 'ఎంటీ-ఎస్‌టీ' పొట్లంలోని రూపానికే ఉంది.

5. ఒక్క అక్షరం తేడా

లినక్స్‌లో మొదటి టేప్ డ్రైవ్‌కు రెండు పేర్లు ఉంటాయి. ఒకటి ఎస్‌టీ0, రెండవది ఎన్‌ఎస్‌టీ0. పరికరం ఒక్కటే, ప్రవర్తన వేరు. ఎస్‌టీ0 పేరుతో పిలిస్తే పని ముగిసిన వెంటనే టేపు మొదటికి చుట్టుకుంటుంది. ఎన్‌ఎస్‌టీ0 పేరుతో పిలిస్తే ఆగినచోటే నిలుస్తుంది.

నష్టం ఇక్కడే ఎక్కువ. సోమవారం ఒక బ్యాకప్‌ను ఎస్‌టీ0 పేరుతో రాశారనుకుందాం. టేపు మొదటికి వచ్చి నిలిచింది. మంగళవారం అదే పేరుతో మరొకటి రాస్తే అది సోమవారపు రాతపైనే పడుతుంది. యంత్రం ఏ హెచ్చరికా చేయదు, రెండు రోజులూ పని విజయవంతమైందనే చెబుతుంది. మంగళవారపు రాత చిన్నదై, సోమవారపు రాతలో మిగిలిన భాగం టేపుపై భౌతికంగా ఉన్నప్పటికీ దాన్ని చదవడం సాధ్యం కాదు. కొత్త సమాచారాంతం గుర్తును దాటి ముందుకు పోవడానికి డ్రైవ్ అంగీకరించదు. కాబట్టి స్క్రిప్టులలో ఎన్‌ఎస్‌టీ0నే వాడి, మొదటికి చుట్టవలసి వచ్చినప్పుడు ఆ మాట ప్రత్యేకంగా చెప్పడం మేలు.

అలా వాడేటప్పుడు టేపు ఎక్కడుందో తెలుసుకోవడం వాడుకరి బాధ్యత. ఎంటీ ఆజ్ఞకు 'ఎఫ్' ఐచ్ఛికంతో పరికరం పేరు చెప్పి 'స్టేటస్' అంటే ఫైలు సంఖ్య, బ్లాక్ సంఖ్య కనిపిస్తాయి. లెక్క సున్నాతో మొదలవుతుంది. మూడవ బ్యాకప్‌ను చదవాలంటే ముందు 'రివైండ్' చేసి, తరువాత 'ఎఫ్‌ఎస్‌ఎఫ్ 2' అనాలి, అనగా రెండు ఫైల్ మార్కులు దాటాలి. పాతవాటి చివర కొత్త బ్యాకప్ చేర్చాలంటే 'ఈవోడీ' అనాలి. కొన్ని రూపాలలో ఇదే 'ఈవోఎం'. ఈ ఆజ్ఞ ఇవ్వకుండా రాయడం ప్రారంభించిన స్క్రిప్టును నమ్మరాదు. నిండిన కార్ట్రిడ్జ్‌కు అంచున ఉండే చిన్న మీటను రాత నిషేధ స్థానానికి జరపాలి. ఇన్ని ఆజ్ఞల మధ్య ఆ ప్లాస్టిక్ మీట చేసే రక్షణ తక్కువది కాదు.

6. బ్లాక్ పరిమాణం, వేగం

టార్ ఆజ్ఞ స్వతస్సిద్ధంగా 512 బైట్ల ఖండాలను ఇరవై చొప్పున కట్టి, 10,240 బైట్ల బ్లాకులుగా రాస్తుంది. నేటి డ్రైవ్‌లకు ఇది మరీ చిన్నది. 'బి' ఐచ్ఛికానికి 512 అని ఇస్తే బ్లాక్ పరిమాణం 2,62,144 బైట్లు అవుతుంది. అంతకుముందు ఎంటీతో 'సెట్‌బ్లాక్ 0' అని చెప్పి డ్రైవ్‌ను మారే పరిమాణపు బ్లాకుల పద్ధతిలో ఉంచాలి. ఈ సంఖ్యను కార్ట్రిడ్జ్ చీటీపై రాయడం తప్పనిసరి. కొన్నేళ్ల తరువాత ఎవరో ఆ టేపును స్వతస్సిద్ధమైన చిన్న పరిమాణంతో చదవబోతే 'జ్ఞాపకం కేటాయించలేకపోయాం' అనే అర్థం వచ్చే సందేశం వస్తుంది. చదివేవారు టేపు చెడిపోయిందనుకొని పారవేసే అవకాశం ఉంది. నిజానికి చెడింది ఏమీ లేదు, అడిగిన పాత్ర చిన్నదైంది, అంతే.

వేగం మరో సమస్య. 8వ తరం పూర్తి ఎత్తు డ్రైవ్ సెకనుకు 360 మెగాబైట్ల వరకు రాయగలదు. ఆ లెక్కన 12 టెరాబైట్లకు దాదాపు తొమ్మిదింబావు గంటలు పడుతుంది. కళాశాలలలోని గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు 110 మెగాబైట్ల చుట్టూ అందిస్తుంది, అప్పుడు అదే పనికి 30 గంటలు కావాలి. కాలహరణం కన్నా పెద్ద నష్టం ఏమంటే, సమాచారం అందక టేపు ఆగి, వెనక్కు జరిగి, మళ్లీ ముందుకు సాగుతుంది. డ్రైవ్ తన వేగాన్ని కొంతమేరకు తగ్గించుకోగలిగినా దానికీ హద్దు ఉంది. ఇలా ముందువెనుకలాడటం టేపునూ, తలనూ అరగదీస్తుంది. వేలకొద్దీ చిన్న ఫైళ్లున్న సంచయాలతో ఇది మరింత ఎక్కువ.

పరిష్కారం మధ్యలో ఒక తొట్టి పెట్టడమే. టార్ వెలువరించే ప్రవాహాన్ని ఎంబఫర్ అనే ఉపకరణానికి అందించి, దానికి 4 గిగాబైట్ల జ్ఞాపకం కేటాయించి, 90 శాతం నిండాకే టేపుపై రాయమని చెప్పవచ్చు. మూలమే నెమ్మదైతే తొట్టి కూడా ఖాళీ అవుతుంది. కాబట్టి సామగ్రిని ముందుగా టేప్ డ్రైవ్ ఉన్న యంత్రంలోని వేగవంతమైన డిస్కుకు చేర్చుకొని, అక్కడినుండి రాయడం ఉత్తమం.

ఇలా గొలుసుకట్టిన ఆజ్ఞలలో ఒక మోసం దాగి ఉంది. షెల్ సాధారణంగా గొలుసులోని చివరి ఆజ్ఞ ఫలితాన్నే చూస్తుంది. టార్ మధ్యలో విఫలమైనా ఎంబఫర్ తనకు అందినదాన్ని చక్కగా రాసి ముగించితే మొత్తం విజయంగా నమోదవుతుంది. స్క్రిప్టు మొదట్లో 'పైప్‌ఫెయిల్' అమరికను సిద్ధం చేసుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది. నిర్వచింపబడని చలరాశి ఎదురైతే ఆగిపొమ్మనే 'నౌన్‌సెట్' అమరికనూ దాని పక్కనే ఉంచాలి. క్యోటోలో జరిగినది ఇటువంటి అజాగ్రత్తే.

7. తెలుగు పేర్లు, తెలుగు ఫాంట్లు

బ్యాకప్ గురించి వచ్చే ఆంగ్ల గ్రంథాలలో కానరాని చిక్కులు కొన్ని తెలుగు సామగ్రికి ఉన్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'శ్రీ' అనే ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలున్నాయి, కనుక 12 బైట్లు. 'మాసబ్ ట్యాంక్' అన్న పేరుకు నడుమ ఖాళీతో కలిపి 37 బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరుకు గరిష్ఠ పరిమితి సాధారణంగా 255 బైట్లు, అంటే 85 తెలుగు సంకేతాలు. వ్యాసం శీర్షిక మొత్తాన్ని ఫైలు పేరుగా పెట్టే అలవాటు మన పరిశోధకులలో ఉంది. అటువంటి పేర్లు ఈ హద్దును సులభంగా తాకుతాయి. పాత టార్ రూపంలో పేరుకు కేటాయించినది 100 బైట్లే. అందువల్ల టార్‌కు 'ఫార్మాట్' ఐచ్ఛికంతో 'పోసిక్స్' అని స్పష్టంగా చెప్పాలి. ఆ రూపంలో పొడవైన పేర్లు యూటీఎఫ్-8లోనే భద్రంగా నిలుస్తాయి.

మరొకటి ఇంకా సూక్ష్మమైనది. తెలుగులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు కలిసిన రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. మ్యాక్ యంత్రాల పాత ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలో ఉంచేది. అలా వచ్చిన 'శైలి', 'వైవిధ్యం' వంటి పేర్లు లినక్స్ యంత్రంలో టైపు చేసిన అవే పేర్లతో సరిపోలవు. టేపు నుండి ఒక్క ఫైలును పేరుతో కోరినప్పుడు 'అటువంటిది లేదు' అన్న సమాధానం రావడానికి ఇదొక కారణం. బ్యాకప్‌కు ముందే పేర్లన్నిటినీ ఒకే రూపానికి తేవడం అవసరం.

యూనికోడ్ వ్యాప్తికి ముందు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంతగ్రంథాలు తెలుగులో లెక్కకు మిక్కిలి. ఆ ఫైలును ఒక్క బిట్ కూడా చెదరకుండా ముప్పై ఏళ్లు కాపాడినా, తగిన ఫాంటు లేకపోతే తెరపై కనబడేది అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపే. కాబట్టి మూలఫైలుతోపాటు దాని యూనికోడ్ రూపాంతరాన్ని, చూడటానికి వీలైన పీడీఎఫ్ ప్రతిని కలిపి ఒకే బ్యాకప్‌లో చేర్చాలి. టేపు బైట్లను కాపాడుతుంది, తెలుగును కాపాడటం ఈ ఏర్పాటు చేసేవారి పని.

8. సరిచూడటం

చదివి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించరాదు. రాయడానికి ముందు ప్రతి ఫైలుకూ షా-256 సంకేతసంఖ్యను గణించి, ఆ జాబితాను సంచయంలోనే ఒక ఫైలుగా చేర్చాలి. రాసిన తరువాత టేపును మొదటికి చుట్టి, కోరిన ఫైల్ మార్క్ వద్దకు చేర్చి, ఖాళీ డిస్కులోకి మొత్తం విప్పి, జాబితాతో పోల్చాలి. టార్‌లో మూలంతో నేరుగా పోల్చే సౌకర్యం ఉంది గాని, ఈలోగా మూలం మారితే అది తేడాలు చూపుతుంది. సంకేతసంఖ్యల జాబితాకు ఆ ఇబ్బంది లేదు, మూలం నశించిన తరువాత కూడా అది సాక్ష్యంగా నిలుస్తుంది. టార్ ముగింపు సంఖ్య 1 అయితే చదువుతుండగా ఏదో ఫైలు మారిందని, 2 అయితే తీవ్రమైన దోషం జరిగిందని గ్రహించాలి.

రోజూ పూర్తి బ్యాకప్ అక్కరలేదు. టార్‌లోని 'లిస్టెడ్-ఇంక్రిమెంటల్' ఐచ్ఛికం ఒక గుర్తుల ఫైలును ఆధారం చేసుకొని, గతంలో తీసినదాని తరువాత మారినవాటినే రాస్తుంది. పునరుద్ధరణకు మాత్రం మొదటి పూర్తి ప్రతి మొదలుకొని వరుసగా అన్నీ కావాలి. నడుమ ఒక్కటి పోయినా ఆపై ప్రతులు లోపభూయిష్టమే. అందువల్ల చిన్న శాఖకు నెలకొక పూర్తి ప్రతి, వారానికొక పాక్షిక ప్రతి అనే సరళమైన క్రమమే క్షేమం. సామగ్రి ఒక టేపును మించితే 'ఎం' ఐచ్ఛికంతో రెండవ టేపుకు కొనసాగించవచ్చు. అయితే టార్ స్వయంగా చేసే సంపీడనంతో ఆ పద్ధతి కలవదు. దానికన్నా సంచయాన్ని ముందే టేపుకు సరిపోయే భాగాలుగా విడదీసుకోవడం మంచిది. ఒక టేపు పోయినా మిగిలినవి వాటంతటవి చదవగలిగేలా ఉంటాయి.

9. భద్రస్థానం, తరాల మార్పు

దీర్ఘకాల నిల్వకు 16 నుండి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 20 నుండి 50 శాతం తేమ ఉండాలని తయారీదారులు సూచిస్తారు. అలా ఉంచితే 30 ఏళ్ల వరకు మన్నుతుందని వారి మాట. హైదరాబాదులో వేసవి మొదటి షరతును, వర్షాకాలం రెండవదాన్ని ఉల్లంఘిస్తాయి. శీతలీకరణ రాత్రిపూట ఆపివేసే గదిలో టేపులు ఉంచడం కన్నా, తేమను పీల్చే సిలికా పొట్లాలతో బిగుతైన పెట్టెలో నిలువుగా నిలబెట్టి ఉంచడం నయం. చల్లని గది నుండి తెచ్చిన టేపును వెంటనే డ్రైవ్‌లో పెట్టకుండా, ఒక రోజు అక్కడి గాలికి అలవాటు పడనివ్వాలి. కనీసం రెండు టేపులపై రాసి, రెండవదాన్ని నగరంలోనే మరో ఎత్తైన ప్రాంతంలోని సంస్థకు, వీలైతే మరో జిల్లాలోని విశ్వవిద్యాలయానికి పంపాలి. ఏ టేపులో ఎన్నవ ఫైల్ మార్క్ తరువాత ఏముందో తెలిపే పట్టికను కాగితంపై ముద్రించి రెండు చోట్లా ఉంచాలి.

టేపు కన్నా ముందు వృద్ధాప్యం పొందేది డ్రైవ్. ఏడవ తరం వరకు ప్రతి డ్రైవ్ తనకు ముందున్న రెండు తరాల టేపులను చదివేది. ఎనిమిదవ తరంలో ఆ వెసులుబాటు ఒక తరానికి తగ్గింది. 6వ తరం టేపులు గల శాఖ 8వ తరం డ్రైవ్ కొంటే, పాత టేపులు ఎంత భద్రంగా ఉన్నా కొత్త యంత్రం వాటిని చదవదు. పాత డ్రైవ్‌ను పనికిరాని సామానుల జాబితాలో చేర్చే కాగితంపై సంతకం చేయడానికి ముందే ఆ టేపులన్నిటినీ కొత్త తరానికి ఎక్కించి, సంకేతసంఖ్యలతో సరిచూసి ఉండాలి.